వేరే గ్రహం నవల మీద మన దగ్గర చర్చ పెట్టాలంటే

నవల చదివిన పది మందిని కూర్చోబెట్టి "ఎట్లుంది?" అని అడిగితే "బాగుంది" అనో "అంత లేదు" అనో అంటారు, తర్వాత చాయ్ వస్తుంది, ముచ్చట పిల్లల ఫీజుల మీదికి పోతుంది. సైన్స్ ఫిక్షన్ అయితే ఆ మాత్రం కూడా ఉండదు, "పేర్లు నోరు తిరగట్లేదు సార్" దగ్గరే సగం మంది ఆగిపోతారు. వరంగల్, హన్మకొండ, కాజీపేటలో గానీ, పైన మంచిర్యాల, ఆసిఫాబాద్, ఆదిలాబాద్ వైపు గానీ నలుగురు చదివేవాళ్లు ఉన్న చోట, మనుషులు పోయి ఆక్రమించుకున్న గ్రహం గురించి రాసిన ఒక నవల పెట్టుకుని, పాఠకుల నోట అసలు మాట ఎట్లా రప్పించాలో చెప్తా. కొన్ని చోట్ల నా పట్టుదలలు కూడా కనిపిస్తాయి, నచ్చకపోతే వదిలేయండి.

నవల ఏదంటే, ఉర్సులా లె గ్విన్ రాసిన 'ద వర్డ్ ఫర్ వరల్డ్ ఈజ్ ఫారెస్ట్'. మొదట 1972లో ఒక సంకలనంలో వచ్చింది, 1973లో సైన్స్ ఫిక్షన్‌కు ఇచ్చే హ్యూగో అవార్డు తెచ్చుకుంది, 1976లో విడి పుస్తకమైంది. ఎనిమిది అధ్యాయాలు, రెండొందల పేజీల లోపే. చర్చకు అదే మొదటి అర్హత, ఎందుకంటే ఆరొందల పేజీల నవల పెడితే పూర్తి చేసి వచ్చేది ఇద్దరు, మిగతావాళ్లంతా ఆ ఇద్దరి మొహాలు చూస్తూ తలూపుతుంటారు.

కథ ఇది. భూమ్మీద చెట్లు అయిపోయాయి, అక్కడ ఇప్పుడు కలప బంగారం కంటే ప్రియం. 27 కాంతి సంవత్సరాల దూరంలో ఆత్షే అనే గ్రహం ఉంది, సముద్రం పోగా ఉన్న నేలంతా అడవే. భూమి మనుషులు అక్కడ దిగి, దానికి న్యూ తాహితి అని తమ పేరు పెట్టుకుని, చెట్లు నరికి దుంగలు ఓడలకెక్కిస్తుంటారు. అక్కడి జనం మీటరు ఎత్తుంటారు, ఒంటి నిండా ఆకుపచ్చ బొచ్చు. వాళ్ల చేత వెట్టి చేయించుకుంటూ కాగితాల మీద మాత్రం ఇష్టపడి వచ్చిన కూలీలని రాసుకుంటారు, ఈ ముక్క మన దగ్గర ఎవరికీ విడమరచి చెప్పాల్సిన పని లేదు. ఆ జనంలో మనిషిని మనిషి చంపడమనేది లేదు. సెల్వర్ అనే అతని భార్యను డేవిడ్‌సన్ అనే కెప్టెన్ చెరిచి చంపుతాడు. ఆ తర్వాత సెల్వర్ తన వాళ్లకు చంపడం నేర్పుతాడు, చివరికి గెలుస్తారు, భూమి మనుషులు ఓడలెక్కి వెళ్లిపోవాల్సి వస్తుంది. ముగింపు చెప్పేశానని తిట్టుకోకండి, చర్చ నడిపేవాళ్ల కోసం రాస్తున్నా, వాళ్లకు తెలియాలి.

ఇక అసలు చిక్కు ఇక్కడుంది. ఈ కథ వినగానే మన వైపు ఎవరికైనా తట్టేవి జోడేఘాట్, ఇంద్రవెల్లి, పోడు, టేకు దుంగల లారీలు, జల్ జంగల్ జమీన్. మొదలైన పది నిమిషాల్లో ఎవరో ఒకరు "ఇది మన ఆదిలాబాద్ కథనే గదా" అంటారు, అందరూ అవునవునంటారు, ఇక నవల మూతపడ్డట్టే. ఆ మాటలో అబద్ధం లేదు. కానీ అది ముందే వచ్చేస్తే పుస్తకంలో ఏముందో ఎవరూ మాట్లాడరు, తమకు ముందు నుంచే తెలిసిన సంగతులు మళ్లోసారి చెప్పుకుని, కొంచెం కోపంగా, కొంచెం సంతృప్తిగా ఇంటికి పోతారు. చర్చ నడిపే మనిషి పనంతా ఇదే: ఆ పోలికను వీలైనంత ఆపాలి, వచ్చాక మాత్రం ఊరికే పోనివ్వకుండా చివరిదాకా లాగాలి.

చదివించే ముందు

పుస్తకం ఇంగ్లిష్‌లో చదవాలి కాబట్టి అందరి వేగం ఒక్కటి కాదు. యూనివర్సిటీలో, ఎన్‌ఐటీలో చదివే పిల్లలు రెండు రాత్రుల్లో అవగొడతారు, రిటైరైన తెలుగు పండితులు మొదటి పేజీ దగ్గరే నిఘంటువు తీస్తారు. జంటలు కట్టండి. ఇంగ్లిష్ బాగా వచ్చిన ఒకరు, రాని ఒకరు, వారానికి రెండు అధ్యాయాలు, ఫోన్లోనైనా సరే ఒకరు చెప్పాలి, ఇంకొకరు వినాలి. దీనివల్ల ఇంకో లాభముంది. కథ నోటితో చెప్పేటప్పుడు మనిషి ఏది వదిలేస్తాడో, ఏది సాగదీస్తాడో అందులోనే అతని అభిప్రాయం సగం బయటపడుతుంది. విన్నవాళ్లను చర్చ రోజున "మీకు చెప్పినతను ఏది ఎక్కువసేపు చెప్పాడు?" అని అడిగి చూడండి.

పేర్ల చీటీ ఒకటి తెలుగులో రాసి అందరికీ వాట్సాప్‌లో పంపండి. సెల్వర్, డేవిడ్‌సన్, రాజ్ లుబోవ్, కల్నల్ డాంగ్, బయటి లోకాల నుంచి వచ్చిన లెపెనాన్, ఓర్. ఈ ఆరు చాలు. దాని కిందే అధ్యాయాలు ఎవరి కళ్లతో నడుస్తాయో రాయండి: 1, 4, 7 డేవిడ్‌సన్, 2, 6, 8 సెల్వర్, 3, 5 లుబోవ్. చర్చకు ఉన్న సామగ్రి మొత్తంలో నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఈ ఒక్క లైను. ఎవరైనా "రచయిత్రి ఇట్లా అన్నది" అనగానే "ఏ అధ్యాయంలో?" అని అడగండి, ఒకటో అధ్యాయం అంటే అది రచయిత్రి మాట కాదు, డేవిడ్‌సన్ బుర్రలో మాట. చాలా గొడవలు అక్కడికక్కడే చల్లారిపోతాయి.

ముందుమాట చదవొద్దని మాత్రం గట్టిగా చెప్పండి. రచయిత్రి తర్వాత రాసిన ముందుమాట ఉన్న ప్రతులున్నాయి. అది చదివి వచ్చినవాళ్లు తమ మాట మానేసి ఆమె మాటే అప్పజెప్తారు, మన బడి చదువు మహిమ అది.

మొదటి అధ్యాయం గురించి కూడా ఒక హెచ్చరిక ఇవ్వాలి. డేవిడ్‌సన్ పొద్దున లేవడంతో మొదలవుతుంది, భూమి నుంచి ఓడలో ఆడవాళ్లు దిగుతున్నారని అతని సంబరం, ఒక ద్వీపంలో చెట్లన్నీ కొట్టేశాక మట్టి కొట్టుకుపోయి సేద్యం దెబ్బతిన్నదన్న కబురుకు అతని చిరాకు. స్థానికులను క్రీచీలు అంటాడు, ఆడవాళ్ల గురించి, తన కల్నల్ పుట్టుక గురించి నోటికొచ్చినట్టు అనుకుంటాడు. "ఇంత దరిద్రపు మాటలు రాసే ఆమె పుస్తకం మేమెందుకు చదవాలె" అని పుస్తకం పక్కన పెట్టేసేవాళ్లుంటారు, ముఖ్యంగా ఇంట్లో పిల్లల ముందు చదివే అమ్మలు. వాళ్లకు బతిమాలి చెప్పే బదులు ఒక పని ఇవ్వండి: ఆ అధ్యాయంలో డేవిడ్‌సన్ కంటికి ఎదురుగా ఉండి కూడా కనపడనివి ఏమున్నాయో పెన్సిల్‌తో గీత పెట్టుకుంటూ పొమ్మనండి. మట్టి పోవడం కనపడదు, కూలీలు తనను గమనిస్తున్నారని కనపడదు, తన క్యాంపు తగలబడే దాకా ఏదీ కనపడదు. అట్లా వేట మొదలయ్యాక ఎవరూ మధ్యలో వదలరు.

ఎక్కడ, ఎప్పుడు

దీని గురించి పెద్దగా చెప్పడానికి లేదు. పెళ్లిళ్ల సీజన్‌లో పెట్టకండి, మూఢంలో గానీ ఆషాఢంలో గానీ పెడితే మనుషులూ దొరుకుతారు, హాలూ దొరుకుతుంది. రెండేళ్లకోసారి మేడారం జాతర వచ్చే మాఘమాసం అసలే వద్దు, బస్సులూ ఉండవు, మనుషులూ ఉండరు. ఆదివారం పొద్దున పదికి అంటే పదకొండుకు మొదలవుతుంది, ఆ లెక్కన చెప్పుకోండి. పన్నెండు మందికి మించితే చర్చ పోయి సభ అవుతుంది, శాలువాలు వస్తాయి. గ్రంథాలయంలో గది దొరికితే మంచిది. ఈ ఊరికి ఆ అలవాటు పాతదే, హన్మకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904లోనే పెట్టారు, నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకం చుట్టూ మనుషులు చేరడమే ఒక పని అయిన రోజుల్లో. దొరక్కపోతే ఎవరి డాబా మీదైనా సరే, చాప, మంచినీళ్లు, సర్వపిండి. టీవీ ఉన్న గదిలో మాత్రం వద్దు.

మొదటి రౌండు

ఒకే ఒక్క షరతు పెట్టండి. బాగుంది, బాలేదు అనే మాటలు మొదటి గంటలో నిషేధం. ప్రతి ఒక్కరూ తాము ఆగిన ఒక చోటు చెప్పాలి, పేజీ నంబరుతో సహా. ఎందుకు ఆగారో అప్పుడే చెప్పక్కర్లేదు. ఆగడమంటే ఏదైనా కావచ్చు, కోపమొచ్చి ఆగడం, అర్థం కాక ఆగడం, ఫోనొచ్చి ఆగి మళ్లీ తీయబుద్ధి కాకపోవడం. ఈ మూడోదాన్ని నవ్వి వదిలేయకండి, చాలామందికి ఆ చోటు ఒకటే అవుతుంది. ఈ నవల్లో అది ఎక్కువగా రెండో అధ్యాయం మొదట్లో వస్తుంది. డేవిడ్‌సన్ బుర్ర లోంచి ఒక్కసారిగా అడవిలోకి, సెల్వర్ నడకలోకి పడతాం, వాక్యాల వేగమే మారిపోతుంది, మెలకువలోనే కలలు కనే జనం గురించి వస్తుంది, వాళ్లలో మగవాళ్లు కలలు కంటారు, ఊళ్ల పెత్తనం ముసలి ఆడవాళ్లది, ఇవన్నీ వివరణ లేకుండా మీద పడతాయి. ఆ రెండు అధ్యాయాల కలయిక దగ్గర ఒక్కో పేరా తీసుకుని ఇద్దరితో పైకి చదివించండి. ఇంగ్లిష్ రానివాళ్లకు కూడా గొంతులో తేడా తెలిసిపోతుంది. నాకు తెలిసి ఈ నవల గురించి వచ్చిన మంచి మాటల్లో సగం ఆ చదువుడు తర్వాతే వచ్చాయి.

రెండో ప్రశ్న: ఎవరి మీద ఎక్కువ కోపం వచ్చింది? డేవిడ్‌సన్ కాకుండా ఇంకొకరి పేరు చెప్పాలి. ఇక్కడ మనుషులు కదులుతారు. కుర్రవాళ్లు కల్నల్ డాంగ్ అంటారు, రూల్స్ ప్రకారం నడిచే మనిషి, చెడ్డవాడు కూడా కాదు, పైనుంచి ఆర్డర్ వస్తే పాటిస్తాడు, రాకపోతే పాటించడు. ఉద్యోగాలు చేసిన పెద్దవాళ్లకు డాంగ్ మీద కాస్త జాలి ఉంటుంది, అది కూడా చెప్పనివ్వండి. ఇంకొందరు లుబోవ్ అంటారు. లుబోవ్ ఆ జనాన్ని చదవడానికి వచ్చిన శాస్త్రజ్ఞుడు, సెల్వర్ ప్రాణం కాపాడినవాడు, భాష నేర్చుకున్నవాడు. ఐదో అధ్యాయంలో అడవిలో సెల్వర్ కనిపించి, ఊరు వదిలి వెళ్లిపొమ్మని హెచ్చరిస్తాడు. లుబోవ్ తిరిగొచ్చి రిపోర్టు రాస్తాడు, అందులో సెల్వర్‌ను చూసిన సంగతి రాయడు. తర్వాత జరిగే దాడిలో తనూ పోతాడు. ఆ రిపోర్టులో ఆ ఒక్క ముక్క రాయకపోవడం ఒప్పా తప్పా అని అడిగితే అరగంట మీరు మాట్లాడాల్సిన పని లేదు. స్నేహితుడికి ద్రోహం చేయలేదంటారు కొందరు, తనతో అన్నం తిన్నవాళ్లను చావుకు వదిలేశాడంటారు కొందరు. నా మటుకు నాకు నవల్లో అన్నిటికంటే బాగా రాసిన చోటు అదే, డేవిడ్‌సన్ అధ్యాయాలు ఒకసారి చదివితే చాలు, లుబోవ్ అధ్యాయాలు మళ్లీ మళ్లీ తీయాలనిపిస్తుంది.

మన కథే అన్నప్పుడు

ఇప్పుడు రానివ్వండి. గోడకు ఒక చార్టు అతికించి, కలిసినవి ఒక వైపు, కలవనివి ఇంకో వైపు రాయించండి. కలిసినవాటి వైపు అయిదు నిమిషాల్లో నిండుతుంది. అడవి మీద బయటివాళ్ల హక్కు, వెట్టి, 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం చనిపోవడం, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద పోలీసు కాల్పులు. లుబోవ్ పేరు పక్కన ఎవరో ఒకరు హైమన్‌డార్ఫ్ అని రాస్తారు, రాయకపోతే మీరు రాయండి. భీం తిరుగుబాటు తర్వాత నిజాం ప్రభుత్వం కోసం గోండుల సంగతి చదవడానికి వచ్చిన మానవ శాస్త్రవేత్త, ఆసిఫాబాద్ వైపు గోండుల ఊరు మార్లవాయిలో ఉన్నాడు, గోండులకు భూముల పట్టాలు, వాళ్ల పిల్లలకు బడి రావడానికి పని చేశాడు. ఆయన భార్య బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. ఇద్దరి పోలిక అచ్చంగా కుదిరినట్టే ఉంటుంది, అందుకే అక్కడ ఆపి అడగాలి: లుబోవ్ రిపోర్టులు ఎవరికి వెళ్లాయి, హైమన్‌డార్ఫ్ రిపోర్టులు ఎవరికి వెళ్లాయి, దేనివల్ల ఏం మారింది? నవల్లో లుబోవ్ చెప్పినదానికి విలువ వచ్చింది బయటి లోకం మనుషులు గదిలో ఉండబట్టి. ఇక్కడ తిరుగుబాటు జరిగి మనుషులు పోయాక గదా ప్రభుత్వానికి మానవ శాస్త్రవేత్త గుర్తొచ్చింది. ఈ రెంటిలో ఏది ఎక్కువ నమ్మబుద్ధేస్తుందో వాళ్లనే తేల్చుకోనివ్వండి.

కలవనివాటి దగ్గరే అసలు చర్చ ఉంది, అక్కడ తొందరపడొద్దు.

ఒకటి, ఆర్డర్ల సంగతి. నవల్లో భూమి నుంచి మాట రావాలంటే 27 ఏళ్లు పట్టేది, మధ్యలో ఆన్సిబుల్ అనే యంత్రం వస్తుంది, దాంతో అప్పటికప్పుడు మాట్లాడొచ్చు, ఇక వెట్టి చేయించొద్దని ఆర్డరొస్తుంది. డేవిడ్‌సన్ దూరంగా ఇంకో ద్వీపంలో ఉండి ఆ ఆర్డర్ దొంగదని తనకు తానే చెప్పుకుని ఊళ్లు తగలబెడతాడు. దీన్ని మన 1/70 చట్టం పక్కన పెట్టండి. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1970లోనే కాగితం మీదికొచ్చింది. అక్కడ ఆర్డర్ కాదన్నవాడు ఒక పిచ్చి కెప్టెన్, ఇక్కడ కాదన్నది ఎవరు? ఒక్క పేరు చెప్పలేరు. అంటే నవల దుర్మార్గాన్ని ఒక్క మనిషిలో పోసి మన పని తేలిక చేసిందా అనే ప్రశ్న దానంతటదే వస్తుంది.

ఇంకోటి, ఓడ. నవల చివర వచ్చినవాళ్లు ఓడెక్కి పోతారు. ఇక్కడ ఎక్కడానికి ఓడ లేదు, వచ్చి మూడు తరాలైనవాళ్లున్నారు, వాళ్లలో పేదవాళ్లున్నారు. ఉట్నూరు ఆదివాసీ ఊళ్ల వైపు నుంచి వచ్చి కాకతీయ యూనివర్సిటీలో చదివే అమ్మాయో అబ్బాయో మీ చర్చలో ఉంటే ఈ ముక్క మీద వాళ్లను మాట్లాడమని బలవంతం చేయకండి, వాళ్లు ప్రతినిధులుగా రాలేదు, పాఠకులుగా వచ్చారు. వాళ్లు వేరే పేజీ గురించి మాట్లాడాలనుకుంటే అదే మాట్లాడనివ్వాలి. నేను విన్నవాటిలో గట్టి విమర్శ ఒకటి అట్లాగే వచ్చింది: ఆ గ్రహం జనానికి యుద్ధం తెలియదట, రాజులు లేరట, దొంగతనం లేదట, పాటలతో పోటీ పడి కోపం తీర్చుకుంటారట, అంటే మంచివాళ్లయితేనే వాళ్ల అడవి వాళ్లకుండాలా? గోండులకు చాందాలో (ఇప్పటి చంద్రపూర్) రాజులున్నారు, కోటలున్నాయి, కొట్లాటలున్నాయి. అమాయకుల భూమి లాక్కోవడం తప్పని ఎవరైనా ఒప్పుకుంటారు, అమాయకులు కానివాళ్ల భూమి సంగతేంటి? ఈ ఒక్క ప్రశ్నతో నవల ఎత్తూ లోతూ రెండూ తెలిసిపోతాయి.

సింగరేణి కుటుంబం నుంచి ఎవరైనా ఉంటే ఇంకో తలుపు తెరుచుకుంటుంది. నవల్లో చెట్లు కొట్టే కూలీ మనుషులున్నారు, భూమ్మీద బతకలేక వచ్చినవాళ్లు, వాళ్లకు పేర్లు కూడా సరిగ్గా లేవు. భూపాలపల్లి ఓపెన్‌కాస్ట్‌లో డంపర్ నడిపే నాన్న ఉన్న పిల్లవాడికి వాళ్లు కనిపిస్తారు, మిగతావాళ్లకు కనిపించరు.

చివరగా, ఎవరూ అడగకపోతే మీరే అడగాల్సిన ప్రశ్న. మన కథే అంటున్నాం సరే, ఇందులో మనం ఎవరం? లుబోవ్ మొదటి పేరు రాజ్. ఆ ఓడలో ఉన్నది తెల్లవాళ్లు మాత్రమే కాదు, భూమి మీది అన్ని జాతులవాళ్లూ ఉన్నారు, మనవాళ్లూ ఉన్నారు, కల్నల్ డాంగ్ ఆసియావాడు. మేడారం కథనే తీసుకోండి, జనం చెప్పుకునే ప్రకారం కప్పం కట్టలేదని సమ్మక్క వాళ్ల మీదికి వచ్చింది కాకతీయ రాజు ప్రతాపరుద్రుడి సైన్యం, సమ్మక్క కొడుకు జంపన్న ప్రాణం సంపెంగ వాగులో పోయింది ఆ సైన్యంతో జరిగిన పోరులో. అంటే ఓరుగల్లు నుంచి వెళ్లిన సైన్యం. కోట తోరణం బొమ్మను గర్వంగా డీపీ పెట్టుకునే ఊళ్లో కూర్చుని ఈ నవల చదువుతూ మనల్ని మనం సెల్వర్ పక్కన నిలబెట్టుకోవడం ఎంతవరకు సబబు? ఈ ప్రశ్న వేశాక కాసేపు ఎవరూ మాట్లాడరు, కంగారుపడి మీరు నింపకండి. తర్వాత వచ్చే మాటలు బాగుంటాయి.

వేడెక్కే చోట్లు

రెండున్నాయి. మొదటిది ఆడవాళ్ల సంగతి. సెల్వర్ మనుషులు పెద్ద క్యాంపు మీద పడ్డ రాత్రి అక్కడున్న భూమి ఆడవాళ్లను చంపేస్తారు, వాళ్లుంటే ఈ జాతి ఇక్కడే పిల్లల్ని కని పెరుగుతుందని. నవల దాన్ని దాచదు, అలాగని ఆ ఆడవాళ్లలో దాదాపు ఎవరికీ మాట్లాడే చోటు కూడా ఇవ్వదు. సెల్వర్ భార్య థెలె కూడా చనిపోయాకే కథలోకి వస్తుంది. ఇక్కడ ఆడవాళ్లు ముందు మాట్లాడాలి, మగవాళ్లు ఒక రౌండు నోరు మూసుకోవాలి, ఇది మర్యాద కోసం పెట్టిన నియమం కాదు. మగవాళ్లు ముందు మాట్లాడితే "యుద్ధం గదా, తప్పదు" అనేస్తారు, దాని తర్వాత ఎవరు ఏమన్నా దానికి జవాబు చెప్తున్నట్టే అయిపోతుంది. పెద్దక్కలు ఇక్కడ అనే మాటలు రాసి పెట్టుకోండి.

రెండోది హింస. ఈ జిల్లాల్లో తుపాకీ పట్టడం గురించి మాట్లాడితే అది పుస్తకాల ముచ్చటగా మిగలదు. అటు వెళ్లి తిరిగి రాని అన్న ఫోటో ఉన్న ఇల్లూ ఉంది, పోలీసు ఉద్యోగంలో పోయిన నాన్న ఫోటో ఉన్న ఇల్లూ ఉంది, రెండిళ్ల మనుషులూ మీ చాప మీదే కూర్చుని ఉండొచ్చు. గొంతు పెరిగితే ఎనిమిదో అధ్యాయం తెరవండి. సెల్వర్ గెలిచాడు, డేవిడ్‌సన్‌ను చంపకుండా చెట్లు లేని ఒక ద్వీపంలో వదిలేశారు. వెళ్లిపోయే ముందు లెపెనాన్‌తో సెల్వర్ చెప్పేదాని సారం, చంపడం మేమిప్పుడు నేర్చుకున్నాం, రానట్టు ఇక నటించలేం అని. సెల్వర్ చేసింది ఒప్పా అని అడగకండి, లొల్లి అవుతుంది. గెలిచాక అతను పోగొట్టుకున్నది ఏంటి, దానికి ఇంకో దారి ఏ పేజీలోనైనా కనిపించిందా అని అడగండి. పేజీ వెతకడానికి తలలు వంచుతారు, గొంతులు కూడా దిగుతాయి.

రచయిత్రి సంగతులు ఇక్కడికి వచ్చాకే బయటపెట్టండి. ఇది రాసింది 1968లో, లండన్‌లో ఉండగా, వియత్నాం యుద్ధం నడుస్తుండగా. తండ్రి ఆల్ఫ్రెడ్ క్రోబర్ పేరున్న మానవ శాస్త్రవేత్త, అమెరికా ఆదివాసుల మధ్య పని చేసినవాడు, కాబట్టి లుబోవ్ ఊరికే పుట్టలేదు. డేవిడ్‌సన్ వట్టి దుర్మార్గుడిగా తేలాడని, అట్లాంటి వట్టి దుర్మార్గులుంటారని తను నమ్మనని ఆమే తర్వాత రాసుకుంది. చర్చలో ఎవరైనా ముందే ఆ మాట అని ఉంటే వాళ్ల మొహం వెలిగిపోతుంది, అదొక చిన్న బహుమతి.

రాయించడం

మాట్లాడింది మాట్లాడినట్టు గాల్లో కలిసిపోకూడదంటే అదే వారంలో అర పేజీ రాయించాలి. ఫోన్లో రికార్డు చేస్తే ముందే చెప్పి చేయండి, హింస గురించి మాట్లాడేటప్పుడు ఆపేయండి, ఎవరి ఇంటి సంగతి వాళ్లది. మామూలుగా వచ్చే మొదటి ముసాయిదా ఇట్లా ఉంటుంది: "వలస పాలన క్రూరత్వాన్ని కళ్లకు కట్టినట్టు చూపించిన అద్భుతమైన నవల. ప్రతి ఒక్కరూ తప్పక చదవాలి." ఇది ఏ పుస్తకానికైనా సరిపోతుంది, అట్ట మీద వేసుకోవచ్చు. వెనక్కి ఇచ్చేయండి, మూడడిగి: ఏ చోటు, మీకెందుకు తగిలింది, ఎక్కడ నమ్మలేకపోయారు. అదే మనిషి రెండోసారి ఇట్లా రాస్తారు:

"మూడో అధ్యాయంలో మీటింగు. లుబోవ్ నిజం చెప్తుంటే కల్నల్‌కు కోపమొచ్చింది, చెప్పింది తప్పని కాదు, బయటివాళ్ల ముందు చెప్పాడని. నేను ఆఫీసులో మీటింగుల మినిట్స్ రాస్తా, ఏది రాయొద్దో కళ్లతోనే చెప్తారు. డేవిడ్‌సన్‌ను చూసి నాకు భయం కాలేదు, ఈ మీటింగు చూసి అయింది. నమ్మలేనిది ఒకటే, అంత మంది కూలీల్లో డేవిడ్‌సన్‌కు ఎదురు చెప్పినవాళ్లు ఎంతమంది, వాళ్ల కథ నాకు ఇంకా కావాల్సింది."

ఇది చదివినవాడు ఒప్పుకోవచ్చు, కొట్లాడొచ్చు, పుస్తకం తీసి మూడో అధ్యాయం చూడొచ్చు. అచ్చుతప్పులు దిద్దండి గానీ భాష దిద్దకండి, ఎవరు ఏ యాసలో రాస్తే అదే ఉంచండి. ఒకరికొకరు పొంతన లేని రెండు అభిప్రాయాలొస్తే పక్కపక్కనే పెట్టండి, మధ్యలో మీ తీర్పు ఇరికించకండి.

ఇదే పద్ధతిలో తర్వాత ఏం పెట్టాలంటే, రాబర్ట్ హైన్‌లైన్ 1966 నాటి 'ద మూన్ ఈజ్ ఎ హార్ష్ మిస్ట్రెస్' తీసుకోండి. అందులో చంద్రుడి మీద స్థానికులంటూ ఎవరూ లేరు, పంపించబడ్డవాళ్లే స్థిరపడి భూమి మీద తిరగబడతారు, ధాన్యం పండించి కిందికి పంపడం మీద లెక్క. వనరులు ఎటు పోతున్నాయి, నిధులు ఎటు పోతున్నాయి అని చాలా ఏళ్లు మాట్లాడుకున్న మన దగ్గర దాని మీద ఇంకో రకం లొల్లి అవుతుంది. అది పొడుగు పుస్తకం, రెండు నెలలు ముందే చెప్పండి, జంటలు మార్చండి, పేర్ల చీటీ మాత్రం మళ్లీ మీరే రాయాలి, ఆ పని ఎవరికి అప్పజెప్పినా చేయరు.